బావ చేతికి సరిపోయే నాబ్

మంగళవారం, రాత్రి

ఈరోజు బావ నాతో హార్డ్‌వేర్ అంగడికి వచ్చాడు. రెండు నెలల క్రితం మా వర్క్‌షాప్‌లో రంపం మీద చిన్న చెక్కముక్కను చేత్తో తోస్తుంటే ఆయన కుడి బొటనవేలి కొస తెగిపోయింది. ముక్కను పట్టి ఉంచే జిగ్ చేద్దామని అంతకుముందు ఎన్నిసార్లో అడిగాడు. పనుల తొందరలో నేనే వాయిదా వేశాను. అప్పటినుంచి ఆయన వర్క్‌షాప్ గడప తొక్కలేదు.

జిగ్‌కు వేసే అల్యూమినియం టి-ట్రాక్, అంటే బోల్టు జరిగే గాడి పట్టీ, రెండు రకాలు చూపించారు. నేను పలచనిది తీస్తే బావ నొక్కి చూశాడు. బావమరిదినైన నన్ను ఆయన మాపిళ్ళ అనే పిలుస్తాడు.

"ఇది బిగిస్తే వంగిపోతాది మాపిళ్ళ. మందందే తీసుకో."

దాని గాడిలో బోల్టు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి చూశాడు. తర్వాత బోల్టు మీది రెక్కల నట్టు తిప్పబోయాడు. బొటనవేలు ఆనగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. అంగడాయన దాని బదులు బిగించే లావుపాటి ప్లాస్టిక్ నాబ్ ఒకటి ముందు పెట్టాడు. బావ దాన్ని అరచేత్తో పట్టి రెండుసార్లు తిప్పాడు.

"పరవాలే. ఇది వేలు ఆనకుండానే తిరుగుతాది."

బస్సులో "తప్పు నాదే బావా" అన్నాను. ఆయన సామాను సంచి నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"రేపు ఎన్ని గంటలకు తెరుస్తావు మాపిళ్ళ?"

తొమ్మిదికని చెప్పాను. జిగ్ బిగించేదాకా రంపం ఆన్ చేయనని కూడా చెప్పాను.