నోటి చేదు

బాపూ,

నీ దినాలు నిన్నటితో అయిపోయాయి. నువ్వుంటే ఇవాళ ఇల్లు పీకి పందిరేసేవాడివి, అందుకే నీకే చెబుతున్నాను. మామ వచ్చాడు.

అమ్మ తమ్ముడని మన పక్క చేను ఆయనకు కౌలుకు ఇప్పించి, మన బోరు నీళ్ల దగ్గర మీ ఇద్దరికీ మాటామాటా పెరిగిన రోజు నుంచి ఆయన పేరు నీ నోట రాలేదు. "వాడు నాకు చేదు. వాడు నా కడప తొక్కొద్దు" అనేవాడివి.

కానీ భర్త పోయిన ఆడమనిషికి నోటి చేదు తీయాల్సింది తల్లిగారింటివాళ్లే. దినాలయ్యాక తొలి కూరముద్ద వాళ్ల చేత్తోనే తినాలి. తల్లిగారింట్లో అమ్మకు మిగిలింది ఆయనొక్కడే. పొద్దున్నుంచి చుట్టాలంతా తినమని బతిమాలినా అమ్మ నోరు తెరవలేదు.

మామ మక్తల్ నుంచి కోడికూర, జొన్నరొట్టెలు పట్టుకుని బస్సులో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను గుమ్మంలో కడపకు అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు అల్లుడా. అక్క ఏం తినలేదంట."

"బాపు వద్దన్నడు గదా."

ఆయన గిన్నెతో ఒక అడుగు ముందుకు వేశాడు. అయినా నేను జరగలేదు. లోపలి నుంచి అమ్మే లేచి వచ్చి నన్ను పక్కకు తోసింది.

మామ రొట్టె తుంచి, కూరలో అద్ది, అమ్మ నోటి దగ్గర పెట్టాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆయన నోటివైపే తిప్పింది.

"ముందుగాల నువ్వు తిను తమ్మీ. పోయినాయన నీకు గూడ బావనే గదా."

ఆయన ఆ ముక్క మింగలేక నములుతూనే ఉన్నాడు. నేను వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను.

మన బోరు నీళ్లే, బాపూ.