దొరగారికి దారి చూపే పుస్తకం

పుస్తకాల కంపెనీ వారికి నమస్కారాలు.

నేను లేడీస్ టైలర్‌ని. మీరు సైన్సు, చట్టం, చదువులు, ఉద్యోగాలు, అన్నిటి మీదా పెద్ద పెద్ద పుస్తకాలు వేస్తారని నా దగ్గర బట్టలు కుట్టించుకునే లైబ్రరీ మేడం చెప్పింది.

మా తమ్ముడు సైన్సులో డిగ్రీ పాసయ్యాడు. నాలుగైదు ఇంటర్వ్యూలకు వెళ్లాడు. ఆఖరిదాంట్లో ఎవరో ఏదో అన్నారట. ఏమన్నారో చెప్పడు. ఆ రోజు సోఫా మీద వాలినవాడు ఇంతవరకూ లేవలేదు. ఇంట్లో వాడి పేరు ఇప్పుడు 'దొరగారు'. మంచివాడేనండీ. నా మాట చెవికెక్కించుకోడు గానీ, అచ్చులో ఉన్న మాటంటే ప్రాణం. వాడికి దారి చూపించే పుస్తకం ఒకటి పంపండి.

మీ మీదే ఆశ పెట్టుకున్న
టైలరక్క

తా.క.: కాస్త లావుపాటిది పంపండి. సన్నదైతే మొహం మీద కప్పుకుని నిద్రపోతాడు.

—

గౌరవనీయులైన టైలరు గారికి,

మా ప్రచురణలపై మీరు చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు. తమ ఉత్తరాన్ని మా విషయసూచికతో జాగ్రత్తగా సరిచూశాం. 'దారి' అనే శీర్షిక కింద మా వద్ద ఒకే గ్రంథం ఉంది. 'దారి హక్కులు: చట్టమూ వ్యాఖ్యానమూ'. ఒకరి స్థలం మీదుగా మరొకరు నడిచే హక్కు గురించి ఇందులో లేని సంగతి లేదు. ఈ రోజే పంపుతున్నాం.

విధేయతతో
ఆర్డర్ల విభాగం గుమాస్తా

తా.క.: లావు విషయంలో తమకు లోటు రాదు. దీన్ని మొహం మీద కప్పుకుంటే మాత్రం ముక్కుకు మా పూచీ లేదు.

—

గుమాస్తా గారికి,

పుస్తకం అందింది. చూడగానే నెత్తి బాదుకున్నాను. నేనడిగిన దారేంటి, మీరు పంపిన దారేంటి!

కానీ జరిగింది వినండి. కొట్టు వెనకే మా ఇల్లు. వీధిలోకి వెళ్లే సందులో పక్క ఫర్నిచర్ షాపాయన బీరువాలు పేర్చేస్తాడు. అమ్మ చక్రాల కుర్చీ పట్టక, ఆవిడకి వీధి చూసే యోగమే లేకుండా పోయింది. దొరగారు మూడొంతులు చదివాక, సోఫా దిగాడు. చెప్పులేసుకున్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"బాబాయ్, ఈ సందు ఇద్దరిదీ. ఇదిగో, ఈ పేజీ చదవండి."

"అంత పుస్తకం ఇప్పుడెవడు చదువుతాడ్రా?"

"పర్లేదు, మొదటినుంచీ నేను చదివి వినిపిస్తా."

రెండో అధ్యాయం మధ్యలోనే ఆయన కూలీలను పిలిచి బీరువాలు తీయించాడు. అమ్మ ఆ సాయంత్రం వీధిలోకి వచ్చి, అందరినీ పేరుపేరునా పలకరించింది. మీ మేలు మరిచిపోను.

అయినా నాకు కావలసింది అది కాదండీ. వీడు తన కాళ్ల మీద తను నిలబడాలి. దానికి పుస్తకం ఉందా?

కృతజ్ఞతలతో
టైలరక్క

తా.క.: ఫర్నిచర్ బాబాయ్ మీకు నమస్కారం చెప్పమన్నాడు. మూడో అధ్యాయం మాత్రం చెప్పొద్దన్నాడు.

—

గౌరవనీయులైన టైలరు గారికి,

తమ ఉత్తరం మా కార్యాలయంలో అందరూ చదివారు. కారణం మనవి చేసుకుంటాను. మా పుస్తకాలు చదివేవారు అచ్చుతప్పులు చూపించడానికి తప్ప కలం పట్టరు. మేలు జరిగిందని వచ్చిన ఉత్తరం ఇదే మొదటిది. దాన్ని గోడకు తగిలించుకున్నాం.

తమ తమ్ముడు గారి ఆరోగ్యం ఇలా ఉందని మాకు తెలియదు, మన్నించాలి. కాళ్ల మీద నిలబడలేని వారి కోసం 'కాళ్లూ కీళ్లూ: నిర్మాణం, వ్యాయామ చికిత్స' పంపుతున్నాం. అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి.

త్వరగా కోలుకోవాలని కోరుతూ
ఆర్డర్ల విభాగం గుమాస్తా

తా.క.: అలాంటి స్థితిలోనూ చెప్పులేసుకుని ఫర్నిచర్ షాపుదాకా వెళ్లిన ఆయన గుండె ధైర్యానికి జోహార్లు.

—

గుమాస్తా గారూ,

వాడి కాళ్లు శుభ్రంగా ఉన్నాయండీ బాబూ! తిప్పలన్నీ వాటిని వాడకపోవడంతోనే!

కోపంతో రాయబోయి ఆగాను. మా అమ్మ మెట్ల మీద పడ్డాక తుంటికి ఆపరేషన్ అయింది. నడవొచ్చని డాక్టర్లు చెప్పినా భయంతో కుర్చీ వదల్లేదు. దొరగారు మీ పుస్తకం తెచ్చి డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ కొన్ని వ్యాయామాలకు టిక్కు పెట్టి ఇచ్చింది. రోజూ ఇద్దరికీ కుస్తీ.

"చావగొడుతున్నావురా!"

"ఇంకొక్కసారి అమ్మా. బొమ్మలో ఆవిడ చూడు, నవ్వుతూ చేస్తోంది."

"దానికేం, అది బొమ్మ!"

నిన్న నేను కాజాలు కుడుతుంటే గుమ్మంలో నీడ పడింది. కస్టమరేమో అనుకుని తలెత్తాను. అమ్మ. నిలబడి ఉంది. వెనక వీడు చేతులు చాచి, ముట్టుకోకుండా. "అక్కా, నా చెయ్యి వదిలేసి నడిచింది" అన్నాడు. సూది వేలికి గుచ్చుకుందని చెప్పి కాసేపు ఏడ్చాను.

మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఈసారి మాత్రం నా మాటకి పెడర్థాలు తీయకండి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వాడికి పని కావాలి. పని!

మీ
టైలరక్క

తా.క.: అమ్మ ఇప్పుడు నడిచొచ్చి మరీ నా కుట్టుకి వంకలు పెడుతోంది. దీనికి చికిత్స మీ పుస్తకంలో కనబడలేదు.

—

టైలరక్కయ్య గారికి,

అమ్మగారి సంగతి చదివి మా మేనేజరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఈసారి పొరపాటుకు తావే లేదు. తమరు కోరినదే పంపుతున్నాం. భౌతికశాస్త్రంలో మా ప్రామాణిక గ్రంథం, 'పని, శక్తి, సామర్థ్యం'.

అభిమానంతో
గుమాస్తా

తా.క.: 'పని' మీద ఇంతకన్నా మంచి పుస్తకం లేదు. శక్తి, సామర్థ్యం అదనం.

—

గుమాస్తా తమ్ముడూ,

నిన్నేమనాలో నాకు తెలియడం లేదు.

దొరగారు ఆ పుస్తకం చూసి పడీ పడీ నవ్వాడు. తర్వాత పాత స్నేహితుడు కనబడ్డట్టు చదువుతూ కూర్చున్నాడు. వీధిలో పిల్లలు చుట్టూ చేరితే, నా కుట్టుమిషన్ పెడలు తొక్కించి, చక్రం తిప్పించి పాఠం మొదలెట్టాడు. అప్పుడే కోటు చేతులు కురచ చేయించుకోవడానికి హైస్కూలు పెద్దమేడం వచ్చారు. గుండుసూదులు గుచ్చిన కోటుతోనే వెళ్లి పిల్లల వెనక నిలబడ్డారు. పాఠమంతా విన్నారు.

"ఏ బళ్లో చెబుతున్నావయ్యా?"

"ఎక్కడా లేదండీ. ఎవరూ అడగలేదు."

"నేనడుగుతున్నా."

సోమవారం నుంచి మా తమ్ముడు సైన్సు మాస్టారు! నువ్వు పంపిన తప్పు పుస్తకాలన్నిటికీ నా వందనాలు.

ఆనందంతో
అక్కయ్య

తా.క.: రోజంతా గోడను తోసినా, గోడ కదలకపోతే పని చేసినట్టు కాదట, మీ పుస్తకంలో ఉంది. అంటే ఇన్నాళ్లూ నేను వీడికి చెప్పిన నీతులన్నీ లెక్కలోకి రావన్నమాట.

—

అక్కయ్యా,

మొదటి ఉత్తరం నుంచి మళ్లీ చదువుకున్నాను. మీరడిగిందేమిటో ఇప్పుడు అర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. ఆలస్యమైనా అసలు పుస్తకం పంపుతున్నాను, 'ఏ చదువుకు ఏ ఉద్యోగం'. ఇది మా అందరి కానుక. మాస్టారికి ఇక అక్కర్లేకపోయినా, మా మాట కోసం ఉంచుకోండి.

మీ
గుమాస్తా తమ్ముడు

తా.క.: మేనేజరు గారు విషయసూచిక నా చేతిలోంచి లాగేసుకున్నారు.

—

తమ్ముడూ,

దొరగారు బడికి పోయాడు, అమ్మ షికారుకు పోయింది. చదివే దిక్కులేక నీ కానుక నా బల్ల మీద పడుంది. మధ్యాహ్నం కస్టమర్లు లేక నేనే తిరగేశాను. వృత్తి కళాశాలల్లో కుట్టుపని నేర్పే టీచర్లు కావాలట. వయసుతో పని లేదట. పదో తరగతి ఉంటే చాలట.

నాకది లేదు. నాన్న పోయేనాటికి నేను తొమ్మిదిలో ఉన్నాను, వీడు ఉయ్యాల్లో ఉన్నాడు. బడి మానేసి మిషనెక్కాను. పుస్తకం మూసేయబోతుంటే, అప్పుడే బడి నుంచి వచ్చిన వీడు వెనక నిలబడి చూశాడు.

"ఏంటక్కా, ఆ పేజీ దగ్గర ఆగిపోయావ్?"

"ఊరికేరా. ఈ వయసులో నాకు చదువేంటి?"

"నా డిగ్రీ నువ్వు కుట్టిందే కదక్కా. నీది నేను కుడతా. కూర్చో."

ప్రైవేటుగా పరీక్షకు కట్టాను. కొట్టు మూయగానే మాస్టారి ముందు కూర్చుంటున్నాను. గట్టివాడు, కాజాలు మిగిలాయన్నా వదలడు. నిన్న నాకు గోడకుర్చీ వేయిస్తానన్నాడు! ఇన్నేళ్లకి మళ్లీ పుస్తకం వాసన చూశాను తమ్ముడూ. మీ ఆఫీసులో ప్రతి ఒక్కరికీ నా తరఫున చెప్పు, చల్లగా ఉండాలని కోరుకుంటున్నానని.

విద్యార్థిని
మీ అక్కయ్య

తా.క.: సైన్సు, చరిత్ర పరవాలేదు. లెక్కలంటేనే చిన్నప్పట్నుంచీ గుండెదడ. దానికో మంచి పుస్తకం పంపు. గుండె జబ్బులది కాదు నాయనా, లెక్కలది!