జింక తల ఎవరిది

1996 నవంబరు, ఆదివారం

మైలవరంలో మా తోట మేసేస్తున్న జింకల్ని కొట్టడానికి చవకలో తుపాకి చూద్దామని ఆటోనగర్‌లో పాత తుపాకులమ్మే కరీం సాహెబు దగ్గరికి వెళ్లాను. పిలవకుండానే బావమరిది ప్రసాదు వెంట వచ్చాడు. వేటలో ముందు దెబ్బ ఎవరిదో తల వాళ్లది. ముప్పై ఏళ్ల కిందట నేను కూల్చిన జింకకు వాడు గొంతు కోసి, ముందు దెబ్బ కూడా తనదేనన్నాడు. ఆ తల ఇప్పటికీ వాడి హాల్లో గోడ మీదే ఉంది.

"రైఫిలంటే మీకు బరువండీ. ఈ పాత సింగిల్ బ్యారెల్ చూడండి," అన్నాడు సాహెబు.

"మా బావగారికి పుస్తకాలు చాలు సాయిబూ. పేజీ తిప్పాలన్నా చెయ్యి వణుకుద్ది," అని నవ్వాడు ప్రసాదు.

ఖాళీ తుపాకి భుజానికి ఆనించి గురి చూశాను. గుమ్మంలో నవ్వుతున్న వాడి గొంతు సరిగ్గా గురిలోకి వచ్చింది. అది చిట్లి, నెత్తురు తలుపు నిండా చిమ్మినట్టు కనిపించింది. చదివిన ఇన్ని పుస్తకాల్లో ఒక్క మంచి మాటా గుర్తు రాలేదు.

"ఏంది బావా... దించు."

"ఇదే తీసుకుంటాను," అన్నాను సాహెబుతో.

"జింకలకేగా?" అని ఇందాక ఇంట్లో తుపాకి చూసి మా ఆవిడ అడిగింది. ప్రసాదుకి అక్క మరి. అవునన్నాను.

గురి చూసినప్పుడు వణకని చెయ్యి, ఇది రాస్తుంటే వణుకుతోంది...