నార్వే ఆయనకు ఎండ

నాన్నా,

రేపు ఈస్టర్. నువ్వు లేవు కాబట్టి సమాధులకు సున్నం వెయ్యడానికి బెజవాడ నుంచి బందరుకు ఈసారి నేనే వచ్చాను. ముందు నీ సమాధికి వేశాను. నార్వే ఆయన దగ్గరికి వెళ్ళేసరికి వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

"డచ్చోళ్ళ సమాధులకి ఇక సున్నం వెయ్యకూడదని పురావస్తు శాఖోళ్ళ ఆర్డరమ్మా. పాతదంతా గీకేశారు. అసలే ఎమర్జెన్సీ రోజులు, ఆర్డరు మీరితే నా ఉద్యోగం పోద్ది."

"ఆయన డచ్చివాడు కాదండీ. మూడొందల ఏళ్ళ కింద వాళ్ళ ఓడలో వచ్చిన నార్వే వడ్రంగి."

"వాళ్ళ మధ్యే బతికి వాళ్ళ మధ్యే పోయాడుగా. మరింకెవరమ్మా?"

నువ్వయితే పోట్లాడేవాడివి. మంచు దేశం మనిషి, బతికినన్నాళ్ళూ బందరు ఎండకు మాడిపోయాడు, ఇప్పుడైనా చల్లగా పడుకోనీ అంటూ ఏటా ఆయనకు రెండు పూతలు వేసేవాడివి. ఇవాళ ఆ నల్లరాయి మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

ఊరుకోలేకపోయాను. బావిలో నీళ్ళు తోడి పోశాను. చూస్తుండగానే ఆరిపోయాయి. మళ్ళీ తోడాను.

"బస్సెళ్ళిపోద్దమ్మా" అన్నాడు వాచ్‌మన్.

వెళ్ళిపోయింది. నేను తోడుతూనే ఉన్నాను. ఆ ఊపులో ఒక బకెట్టు నీ మీద కూడా పోసేశాను నాన్నా.

నీ సున్నం ఇంకా ఆరనేలేదు, తెల్లగా కారిపోయింది.