మా ఐసు ఫ్యాక్టరీలో చీకటి పదార్థం లేదని మనవి

గౌరవనీయులైన డివిజన్ అధికారి గారి సముఖమునకు,
చినరాజుపాలెం రొయ్యల రైతు త్రినాథరాజు నమస్కరించి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మూతబడిన నా ఐసు ఫ్యాక్టరీలో "అక్రమముగా నిల్వయుంచిన చీకటి పదార్థము"ను వెంటనే స్వాధీనపరచవలెనని, లేనిచో గది పడగొట్టెదమని వచ్చిన నోటీసు గురించి.

1. సదరు గదిలో యంత్రం పెట్టినది మా అన్నగారి కూతురు నాగశ్రీ. తండ్రి పోయాక మా ఇంట్లోనే పెరిగింది. ఫిజిక్సులో డాక్టరేటు చేసి, చీకటి పదార్థం కోసం వెతికే బృందంలో చేరింది. నక్షత్ర మండలాలు చెదిరిపోకుండా కంటికి కనబడనిదేదో తన బరువుతో పట్టి ఉంచుతోందని, దాన్నే అలా పిలుస్తారని తను చెప్పగా విన్నాను. ఆకాశం నుంచి వచ్చే కణాలు తగలకుండా లోతైన గనిలోకి దింపబోయే యంత్రాన్ని ముందుగా పరీక్షించడానికి మందపాటి గోడలున్న మా చల్లగది అడిగింది. ఇచ్చాను.

2. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. పంచాయతీ ఆఫీసు దగ్గర తనే అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. నా పక్క చెరువు రైతు పల్లంరాజు గారు లేచి, "ఎవరైనా చూశారాండీ దాన్ని?" అన్నారు.
"ఇంతవరకూ లేదండి," అంది నాగశ్రీ.
"మరి ఉందని ఎలా అంటారమ్మా?"
"లేకపోతే లేదనైనా తేలాలి కదండీ. అందుకే వెతుకుతున్నాం."
అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

3. ఆ నెలలోనే చెరువులకు వైట్‌స్పాట్ తెగులు తగిలి రొయ్యలు చచ్చిపోయాయి. నావి కూడా పోయాయి. పేరులో చీకటి ఉంది గనుక అది చేతబడి అన్నారు. తరువాత నాగశ్రీకి డెంగ్యూ వచ్చింది. భీమవరం ఆసుపత్రిలో చేర్చాము. దక్కలేదు. తను పిలిచిందే తనను తినేసిందని శ్మశానం దగ్గరే అనుకున్నారు. నేను విన్నాను. పల్లంరాజు గారు తమకు ఫిర్యాదు ఇచ్చినది ఆ తరువాతనే.

4. యంత్రం ఇప్పటికీ నడుస్తున్నది. లోపల ఏదైనా కణం తగిలితే బయటి చిన్న దీపం వెలిగి ఆరుతుంది. అవన్నీ ఆకాశం నుంచి వచ్చే మామూలు కణాలేనని నాగశ్రీతో పనిచేసిన సురేష్‌బాబు గారు ఫోనులో చెప్పారు. ఆ మాట నా భార్య లక్ష్మీనరసమ్మకు చెప్పాను. తల ఊపింది. అయినా రోజూ వెళ్ళి యంత్రం ఎదురుగా కూర్చుంటుంది. దీపం వెలిగినప్పుడల్లా "ఏమ్మా?" అంటుంది. ఒకసారి నేనూ అన్నాను. దీనికి ఏ సెక్షను వర్తించునో నాకు తెలియదు.

5. స్వాధీనపరచుట విషయమై: ఆ పదార్థం ప్రపంచంలో ఇంతవరకూ ఎవరి చేతికీ చిక్కలేదు. మా పిల్ల దాన్ని వెతుకుతూనే పోయింది. అది నా దగ్గర నిల్వ ఉంటే ఆసుపత్రి మంచం మీద ఆ పిల్ల చేతిలో పెట్టి ఉండనా అండీ?

కావున సురేష్‌బాబు గారు వచ్చి యంత్రాన్ని తీసుకువెళ్ళే వరకూ గది జోలికి రాకుండా ఉత్తర్వు ఇప్పించగలరు. ఊరి భయం తీరడానికి తమరే ఒకసారి దయచేసి లోపల చూడవచ్చును. ఇంతకు మించి చెప్పుకొనుటకు నా వద్ద ఆధారములు లేవు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
త్రినాథరాజు

తా.క.: సంతకం చేస్తుండగా పల్లంరాజు గారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "నిజంగా ఉందంటారాండీ? కనబడకుండా, మన చుట్టూ?" అని అడిగారు. తెలియదన్నాను.

"మా ఆవిడ సూర్యకళ కరోనాలో పోయింది కదండీ. మొహమైనా చూపించలేదు. ఇంక లేదు, లేదు అని మనసుకి చెప్పుకుని ఇప్పుడిప్పుడే అన్నం తింటున్నాను. కనబడనివి కూడా ఉంటాయని మీ అమ్మాయి అన్న కాణ్ణించీ ఇంట్లో మళ్ళీ వెతుక్కుంటున్నానండి. అందుకే పడగొట్టించమన్నాను."

తరువాత ఈ కాగితం తమకు తానే తెచ్చి ఇస్తానని ఆయనే అడిగారు. తమ ఎదుట నిలబడి ఉన్నది పల్లంరాజు గారే. కాసేపు కూర్చోమనండి.