అత్తగారు లేని కారు

మార్చి 3, సోమవారం

నిర్ణయం జరిగిపోయింది! ఈ ఆదివారం ట్రాక్ డే. ఎవరి కారు వాళ్ళు తీసుకెళ్ళి, రేసుల సర్క్యూట్ మీద ఇష్టమొచ్చినంత వేగంగా నడుపుకోవచ్చు. పేరు ఇచ్చేశాను. లక్ష్యం: గంటకి నూట నలభై.

ఇన్నేళ్ళుగా నేను అరవై దాటకపోవడానికి కారణం ఒక్కరే. వెనక సీట్లో మా అత్తగారు. కారు కదిలితే చాలు, "మెల్లగా నాయనా" అంటారు. ఆ మాట వింటూ ఎవడు మాత్రం యాక్సిలరేటర్ తొక్కుతాడు? ఇదే మా ఆవిడతో అన్నాను.

"సరే, అమ్మ లేకుండా వెళ్ళి తొక్కి చూపించండి. నూట నలభై దాటితే అమ్మని కార్లో నోరెత్తనివ్వను. దాటకపోతే తాళాలు నాకిచ్చి పక్క సీట్లో కూర్చోండి."

ఒప్పుకున్నాను. పాపం, తల్లీకూతుళ్ళిద్దరికీ నా సంగతి తెలీదు.

మార్చి 5, బుధవారం

ట్రాక్ మీద కార్లో వదులు వస్తువేదీ ఉండకూడదట. మొత్తం ఖాళీ చేశాను. దొరికినవి: గొడుగులు, అత్తగారి నడుం దిండు, మా పాప ఎడమ చెప్పు (ఏడాదిగా వెతుకుతున్నాం), ఎండిపోయిన నారింజ. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. ఇది సైన్సు.

మెకానిక్ కారు చూశాడు. "బ్రేకులు అరిగిపోయాయి సార్. యాక్సిలరేటర్ మాత్రం కొత్తదానిలా ఉంది."

పొగడ్తగానే తీసుకున్నాను.

మార్చి 8, శనివారం

ఆలోచిస్తే, నూట నలభై అనేది మీటరు నిండుగా కనబడాలని వేసిన అంకె. నూరు గౌరవంగా ఉంటుంది. మా ఆవిడకి చెప్పాను.

"నూట నలభై," అంది, తలెత్తకుండా.

నాకు గొంతు పట్టేసినట్టుంది. జలుబేమో. రేపు వాన కూడా పడొచ్చు. ఆకాశం నీలంగానే ఉంది గానీ నమ్మలేం.

మార్చి 9, ఆదివారం

ఉదయం 8: వాన లేదు. జలుబూ లేదు.

9: నియమాలు చెప్పారు. వెనక కారుకి దారి ఇవ్వాలంటే ఇండికేటర్ వెయ్యాలి.

10: ట్రాక్ ఎక్కాను!

10.20: దిగాను.

మలుపొస్తే ఇండికేటర్ వెయ్యడం నాకు అలవాటు. ట్రాక్ అంతా మలుపులే. దారి ఇస్తున్నాననుకుని వెనకున్న ప్రతివాడూ చెయ్యూపి దాటుకుపోయాడు. దాటినవాళ్ళే మళ్ళీ వచ్చి మళ్ళీ చెయ్యూపారు.

చివర్లో తిన్నని దారి. ముందు ఎవరూ లేరు. వెనక సీట్లో అత్తగారూ లేరు. ఇప్పుడు తొక్కాలి. కాలు కదల్లేదు. "మెల్లగా" అని ఎవరో అన్నారు. చూస్తే నేనే.

డెబ్బై రెండు.

ట్రాక్ కాపలా చూసే మార్షల్ జెండా ఊపి పక్కకి పిలిచాడు. "కారేమైనా ట్రబులిస్తోందా సార్?"

ఔనన్నాను. కారుకి నోరు లేదు కదా. మధ్యాహ్నం ఇంకో అవకాశం ఉన్నా వెళ్ళలేదు. టైర్లకి విశ్రాంతి అవసరం.

నిజం రాయాలంటే, చాలా సిగ్గుగా ఉంది.

మార్చి 10, సోమవారం

తాళాలు ఇచ్చేశాను. అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మా ఆవిడ డ్రైవింగు. ఎనభై. తొంభై. వెనకనుంచి మాట లేదు. నిద్రపోయారేమోనని తిరిగి చూశాను. కిటికీలోంచి హాయిగా బయటికి చూస్తున్నారు.

"మీ అమ్మాయికి చెప్పరేం, మెల్లగా అని?"

"దానికెందుకు నాయనా? దానికి భయం లేదుగా. నువ్వు స్టీరింగు అంత గట్టిగా పట్టుకుని చెమటలు కక్కుతుంటే చూళ్ళేక, తొందరేం లేదులే, మెల్లగానే పోదామని ధైర్యం చెప్పేదాన్ని."

ఇన్నేళ్ళూ ఆవిడ నాకు ధైర్యం చెబుతున్నారు. నేను ఊరందరికీ ఆవిడ మీద చెప్పాను.

మా ఆవిడ కాస్త వేగం తగ్గించింది.

మార్చి 11, మంగళవారం

నిర్ణయం జరిగిపోయింది! వచ్చే నెల మళ్ళీ ట్రాక్ డే. పేరు ఇచ్చేశాను. లక్ష్యం: డెబ్బై మూడు.

పక్క సీట్లో ఒకరిని ఎక్కించుకోవచ్చట. అత్తగారు హెల్మెట్ పెట్టుకుని చూసుకున్నారు. కొప్పు అడ్డొచ్చింది. జడ వేసుకొస్తానన్నారు.

నడుం దిండు మాత్రం వదలరట. వదులు వస్తువులు కూడదని చెప్పాను.

"నేను ఆనుకుని కూర్చుంటే అదెక్కడికి పోతుంది నాయనా?" అన్నారు.