అక్క పెట్టిన పథ్యం

1983 ఏప్రిల్ 9
చెవుల్లో దూది. తలకి గుడ్డ. ఈ అమీర్‌పేట ఎండలో ఫ్యాను కట్టేసి మరీ! నోరెత్తితే — "పచ్చి ఒళ్లే నీది. కదలకుండా పడుకో." మద్రాసులో కిడ్నీ మార్చిన డాక్టర్లకి నేను కనకుండానే బాలింతనయ్యానని తట్టలేదు. అక్కకి తట్టింది. ఆ కిడ్నీ తనదే కదా, ఇంక నా మీద సర్వహక్కులూ తనవే. కోత ఇద్దరికీ పడింది, పథ్యం నాకొక్కదానికే. తనేమో గుమ్మం కడుగుతోంది.

ఏప్రిల్ 12
వేడన్నం, వెల్లుల్లి కారం. మళ్లీ అదే. మజ్జిగ అడిగితే కళ్లెర్రజేసింది. నీళ్లు చిన్న గ్లాసుతో — "గొంతు తడుపుకో, చాలు." మా తెనాలి వైపు బాలింతలకి అంతే మరి. డయాలిసిస్ రోజుల్లో కొలిచి తాగిన అలవాటు నాకూ పోలేదు, ఊరుకున్నాను. ఆయన గోడ వైపు తిరిగి నవ్వుతున్నారు. నవ్వండి, నవ్వండి.

ఏప్రిల్ 15
మాత్రలకి మొహం బూరెలా పొంగింది. అద్దం తిప్పేశాను.

ఏప్రిల్ 20
మంచం దిగితే కాళ్లు వణుకు. నేను! డ్రిల్లు టీచరుని! విజిలేస్తే మైదానం అంతా నిలబడిపోయేది... ఇప్పుడు గోడ పట్టుకుని వాకిట్లోకి.

ఏప్రిల్ 24
రక్తపరీక్ష బాగా రాలేదు. డాక్టరుగారు — "నీళ్లు ఎన్ని తాగుతున్నారమ్మా?" నేను అక్క వైపు చూశాను. అక్క నేల వైపు. "కొత్త కిడ్నీకి నీళ్లు పోయకుండా ఎండగడుతున్నారా? అలా పడుకోబెడితే కండ కూడా కరిగిపోతుంది. నడవాలి!"
ఆటోలో అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఇచ్చిన చేత్తోనే తీసేయబోయానే..." ఊరుకో అక్కా అంటే ఊరుకోదు. నాకూ ఏడుపొచ్చింది. భయం వల్ల కాదు, దాని మొహం చూసి.

ఏప్రిల్ 25
దూది పోయింది. మజ్జిగ వచ్చింది. చెంబు పట్టుకుని వెంటపడుతోంది, తాగు తాగు అని. మనిషి మారలేదు, ఆర్డరు మారింది.

మే 2
తెల్లవారుజామున నడక. ముక్కుకి గుడ్డ కట్టుకుని నేను, పక్కన అక్క, వెనకాల కింది వాటా రజియా ఆపా. ఆపాకి షుగరు, ఆవిడకీ నడకే మందట. "గిట్ల నడుస్తే పంజాగుట్ట పోయేసరికి రంజాన్ వస్తదమ్మా. జర తేజ్!"
పొత్తికడుపు మీంచి నా చెయ్యి రాదు. జారిపోతుందేమోనని. అక్క ఠపీమని కొట్టింది — "అదేమన్నా కోడిగుడ్డా, పగలడానికి? చేతులూపు. పిల్లలకి చెప్పేదానివి కాదూ!"

మే 11
చెమట పట్టింది. మందుల చెమట కాదు, నడిచిన చెమట. ఎన్నాళ్లయిందో. అబ్బ, ఎంత హాయి!

మే 23
బావగారి ట్రంకు కాలు, ఆపా వాళ్లింటికి. "మీ అక్క లేక ఇల్లు ఇల్లులా లేదమ్మా." అక్క ఫోను లాక్కుంది — "ఈసారి రిపోర్టు బాగుంటే వస్తా. లేకపోతే రాను, వండుకు తినండి." పెట్టేసింది. పాపం బావగారు.

జూన్ 3
పంజాగుట్ట శ్మశానం దాకా వెళ్లి నా కాళ్ల మీద నేను తిరిగొచ్చాను! ఆ మాటే చెబితే ఆయన తిట్టారు. అక్క పడీపడీ నవ్వింది, కోత లాగుతోందని పక్క పట్టుకుని మరీ నవ్వింది. దానికింకా లాగుతోందని నాకివాళే తెలిసింది. ఒక్కరోజూ చెప్పలేదు.

జూన్ 6
రక్తం ఇచ్చొచ్చాం. నిన్నట్నుంచి చీలమండల దగ్గర కాస్త వాపు. నడక ఎక్కువై ఉంటుంది... అనుకుంటున్నా. అక్క రెండుసార్లు నొక్కి చూసింది. కాళ్ల కింద దిండు పెట్టింది. అది ఏమీ అనకపోతేనే నాకు భయం.

జూన్ 7
ఆయన రిపోర్టు కోసం వెళ్లారు. అక్క పొద్దున సంచి తీసింది. రెండు చీరలు పెట్టింది, ఆపేసింది. సంచి మంచం మీదే నోరు తెరుచుకుని ఉంది.
బాగుండాలి, స్వామీ, బాగుండాలి. బాగుంటే సాయంత్రం బండికి వెళ్లిపోతుంది. బాగాలేకపోతే ఉంటుంది. ఛీ, ఏం ఆలోచన ఇది...
వంటింట్లోంచి పిలుస్తోంది, అన్నం చల్లారిపోతోందే అని. వినపడింది. లేవట్లేదు. ఇంకోసారి పిలవనీ.